పాత స్పీకర్ల జత: కొనే ముందు పరీక్ష నుంచి చివరి కొలత దాకా ఒక కేస్ స్టడీ

ఈ జత 1970ల తొలినాళ్లది. ఎక్కడా గాలి రంధ్రం లేని మూసిన పెట్టె. అందులో శబ్దం పుట్టించే డ్రైవర్లు మూడు: బేస్‌కు 12 అంగుళాల పేపర్ కోన్ వూఫర్, మధ్య స్వరాలకు చిన్న డోమ్ మిడ్‌రేంజ్, పై స్వరాలకు అంతకన్నా చిన్న డోమ్ ట్వీటర్. వెనకవైపు మిడ్‌రేంజ్‌కు, ట్వీటర్‌కు చెరో లెవెల్ నాబ్. రేటింగ్ 8 ఓమ్‌లు. మొదటి నుంచీ ఒకే ఇంట్లో ఉన్నాయని, పని చేస్తున్నాయని అమ్మేవాళ్లు చెప్పారు. కొనాలనుకున్నాయన నన్ను అడిగినవి రెండు విషయాలు: ఇవి తీసుకోదగ్గవేనా, తీసుకుంటే ఎంతవరకు బాగవుతాయి?

యాభై ఏళ్ల కిందటి స్పీకర్ కొత్తలో ఎలా పలికేదో చెవితో గుర్తుపెట్టుకున్నవాళ్లు ఉండరు. కంపెనీ అచ్చువేసిన గ్రాఫ్ దొరికినా అది ఇంకో గదిలో, ఇంకో మైక్‌తో తీసినది. మన చేతిలో ఉన్న గట్టి ఆధారం ఒక్కటే, జతలోని రెండో స్పీకర్. రెండూ ఒకేలా పాతబడితే అది వయసు ప్రభావం. ఒకదానిలో ఉన్నది రెండోదానిలో లేకపోతే అక్కడ ఎవరో చెయ్యి పెట్టారనో, ఏదో దెబ్బ తగిలిందనో అర్థం. అందుకే ఏ కొలత తీసినా రెండింటికీ తీస్తాను, ఏ పని చేసినా రెండింటికీ చేస్తాను. ఈ కేసులో బయటపడ్డ ముఖ్యమైన లోపాలన్నీ ఎడమ, కుడి పోల్చినప్పుడే దొరికాయి.

అమ్మేవాళ్ల ఇంట్లో

పరీక్షకు పెద్ద సామాను అక్కర్లేదు. మల్టీమీటర్, టార్చ్, 1.5 వోల్టుల బ్యాటరీ, టోన్‌లు పలికించే యాప్ ఉన్న ఫోన్, బాగా తెలిసిన చిన్న యాంప్లిఫయర్ ఉంటే చాలు. పాట పెట్టి వినిపిస్తామని వాళ్లు అన్నారు. ముందు గ్రిల్ తీసి చూస్తానన్నాను. వూఫర్ అంచున ఉండే ఫోమ్ సరౌండ్ పాడైపోయి ఉంటే కోన్ అదుపు తప్పుతుంది. ఆ స్థితిలో బేస్ గట్టిగా పెడితే కోన్‌ను కదిలించే తీగచుట్ట, అంటే వాయిస్ కాయిల్, అయస్కాంతపు సందులో రాసుకుని, బాగయ్యే వూఫర్ కాస్తా బాగుకాకుండా పోతుంది.

గ్రిల్ తీయగానే మొదటి ఆధారం దొరికింది. ఎడమ వూఫర్ చుట్టూ ఫోమ్ దాదాపు లేదు. కొంత పొడిగా రాలిపోయింది, మిగిలింది జిగటగా ఫ్రేమ్‌కు అంటుకుంది. కుడి వూఫర్‌కు మాత్రం ఫోమ్ ఆకారం చెక్కుచెదరలేదు. వేలితో మెల్లగా నొక్కితే అది కూడా చిరిగింది గానీ, పొడి కాలేదు. పాలీయురేథేన్ ఫోమ్‌ను తేమ, ఆక్సిజన్, వెలుతురు కలిసి తినేస్తాయి. స్పీకర్ వాడినా మూలన పెట్టినా తేడా పెద్దగా ఉండదు, మామూలుగా 15 నుంచి 25 ఏళ్లలో పని అయిపోతుంది. ఒకే రోజు అతికించిన ఫోమ్ రెండు పెట్టెల్లో ఇంత తేడాగా పాడవదు. అంటే కుడివైపు వూఫర్‌కు మధ్యలో ఎప్పుడో ఫోమ్ మార్చారు. ఆ పెట్టె స్క్రూల తలలు కూడా చెదిరి ఉన్నాయి. ఈ సంగతి అమ్మేవాళ్లకు నిజంగానే తెలియదు. తెలియకపోవడంలో తప్పేమీ లేదు, కానీ కుడి పెట్టెను ఇక అనుమానంతోనే చూడాలని నాకు అర్థమైంది.

ఫోమ్ పోయిందంటే చాలామంది వెనక్కి తగ్గుతారు. నా లెక్క వేరు. ఫోమ్, కెపాసిటర్లు, లెవెల్ నాబ్‌లు, గ్రిల్ గుడ్డ మార్చుకోగలిగేవి. వాయిస్ కాయిల్, కోన్, ట్వీటర్ డోమ్, నీళ్లకు ఉబ్బని పెట్టె మార్చుకోలేనివి, లేదా మార్చితే ఇది ఆ స్పీకరే అనిపించుకోదు. పరీక్షలో సమయమంతా ఈ రెండో రకం మీద పెట్టాలి.

పెట్టె అడుగు భాగం ముందుగా చూశాను. పార్టికల్ బోర్డు ఒకసారి నీళ్లు పీల్చి ఉబ్బితే మళ్లీ బిగుసుకోదు, స్క్రూ పట్టదు, మూలలు విడిపోతాయి. ఈ రెండింటికీ అడుగు గట్టిగా ఉంది. పైన గ్లాసులు పెట్టిన మరకలు, ఒక మూల చిన్న పెచ్చు, అంతే.

టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్ పెడితే ఎడమది 6.1, కుడిది 6.2 ఓమ్‌లు చూపించాయి. ఈ అంకె చూసి తృప్తిపడితే మోసపోతాం. మూడు డ్రైవర్ల స్పీకర్‌లో మిడ్‌రేంజ్‌కు, ట్వీటర్‌కు ముందు కెపాసిటర్లుంటాయి, అవి మీటర్ పంపే డీసీని ఆపేస్తాయి. కాబట్టి టెర్మినల్ దగ్గర మీటర్ చూసేది వూఫర్‌ను, దాని ముందున్న ఇండక్టర్ తీగను మాత్రమే. ట్వీటర్ పూర్తిగా కాలిపోయినా ఆ అంకె మారదు. ఈ రీడింగ్ నాకు చెప్పింది రెండు వూఫర్ల కాయిల్స్ తెగలేదని, ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయని. అంతవరకే.

పైవాటికి చెవే దిక్కు. చాలా తక్కువ శబ్దంతో 10 కిలోహెర్ట్జ్ టోన్ పెట్టి ఒక్కో ట్వీటర్ దగ్గర చెవి పెట్టాను. కుడిది పలికింది. ఎడమది మూగగా ఉంది. ఇక్కడ తొందరపడి ట్వీటర్ పోయిందని తేల్చకూడదు. వెనక లెవెల్ నాబ్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు పదే పదే తిప్పాను. గరగరమని శబ్దం వచ్చి, ఒకచోట ట్వీటర్ ఒక్కసారిగా పలికింది, మళ్లీ ఆగింది. కాయిల్ బాగుంది, నాబ్ లోపలి పాట్, అంటే తిప్పితే నిరోధం మారే భాగం, తుప్పు పట్టింది. ఈ తరం స్పీకర్లలో మూగ ట్వీటర్లు కొన్ని ఇలా పాట్ వల్ల మూగబోయినవే ఉంటాయి, వాటిని చచ్చినవనుకుని పారేస్తుంటారు.

చివరగా కోన్‌ను రెండు చేతుల వేళ్లతో నాలుగు పక్కలా సమానంగా తాకి, కొంచెం లోపలికి నొక్కి వదిలాను. ఎడమది నిశ్శబ్దంగా కదిలింది. కుడిది ఒకవైపు సన్నగా గీరింది. పాత ఫోమ్ అతికించినవాళ్లు కోన్‌ను మధ్యకు తేకుండా అంటించారని అనుమానం వచ్చింది. కాయిల్ రీడింగ్ సరిగ్గానే ఉంది కాబట్టి ఇంకా తెగేదాకా రాలేదు.

తీసుకోవచ్చని చెప్పాను. ధర మాట్లాడేటప్పుడు మాత్రం ‘పని చేస్తున్నాయి’ అన్న మాటను పక్కన పెట్టి, రెండు వూఫర్లకు ఫోమ్, క్రాసోవర్ (శబ్దాన్ని మూడు డ్రైవర్లకు పంచే సర్క్యూట్) కెపాసిటర్లు, నాలుగు పాట్‌లు, ఒక వూఫర్ కాయిల్ విషయంలో రిస్క్, ఇవన్నీ కలుపుకుని అడగమన్నాను.

పెట్టె తెరిచాక

తెరవకముందే అన్ని వైపులా ఫొటోలు తీశాను, ప్రతి వైరు ఎక్కడికి పోతుందో రాసుకున్నాను. ఎడమదాని భాగాలన్నీ ఒక ట్రేలో, కుడిదానివి ఇంకో ట్రేలో. స్క్రూలు కూడా కలవకూడదు. వూఫర్ అయస్కాంతం దగ్గర స్క్రూడ్రైవర్ పట్టుకునేటప్పుడు రెండో చెయ్యి కోన్‌కు అడ్డంగా ఉంచాలి. అయస్కాంతం లాగితే మొన నేరుగా పేపర్‌లోకి దిగుతుంది. దశాబ్దాల నాటి సీల్ మైనం పట్టేసిన డ్రైవర్‌ను ఒకచోట పెట్టి పెకలించకుండా చుట్టూ కొద్దికొద్దిగా వదులు చేశాను.

లోపల ఫైబర్‌గ్లాస్ దూది. మాస్కు, గ్లవ్స్ లేకుండా దీన్ని ముట్టుకోవద్దు. బయటికి తీసి రెండింటినీ తూచాను. ఎడమ పెట్టెలోది 560 గ్రాములు, కుడిదానిలోది 410. కుడి పెట్టెలో దూది తగ్గిందంటే, ఎవరో తీసినప్పుడు అంతా తిరిగి పెట్టలేదన్నమాట. ఆ తక్కువ ఎంత తేడా తెస్తుందో చూడాలని అప్పటికి దాన్ని అలాగే ఉంచాను.

ఇది ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే ఈ రకం పెట్టె పని తీరు తెలియాలి. 1954లో ఎడ్గర్ విల్చర్, హెన్రీ క్లోస్ కేంబ్రిడ్జ్, మసాచుసెట్స్‌లో అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థను పెట్టి అమ్మకానికి తెచ్చిన పద్ధతి ఇది. వూఫర్‌ను కావాలనే చాలా వదులుగా తయారుచేస్తారు. దాన్ని వెనక్కి లాగే స్ప్రింగ్ పనిని పెట్టెలో బంధించిన గాలి చేస్తుంది. ఫోమ్ కన్నా, కాయిల్‌ను మధ్యలో పట్టి ఉంచే ముడతల గుడ్డ స్పైడర్ కన్నా, గాలి స్ప్రింగ్ చాలా సమానంగా లాగుతుంది కాబట్టి చిన్న పెట్టెలో కూడా లోతైన, శుభ్రమైన బేస్ వస్తుంది. అంటే ఈ స్పీకర్లలో గాలి కూడా ఒక విడిభాగమే. దూది ఆ గాలి వేడెక్కడం, చల్లబడడాన్ని తగ్గించి పెట్టె కొంచెం పెద్దదైనట్టు పని చేయిస్తుంది. దూది తగ్గినా, ఎక్కడైనా గాలి కారినా, ఆ భాగం చెడినట్టే.

కుడి పెట్టె క్రాసోవర్‌లో ఇంకో తేడా. ఎడమదానిలో మిడ్‌రేంజ్‌కు 50 మైక్రోఫారడ్ల నాన్-పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) కెపాసిటర్ ఉంటే, కుడిదానిలో ఆ స్థానంలో ప్లస్, మైనస్ గుర్తులున్న మామూలు ఎలక్ట్రోలిటిక్ 47 మైక్రోఫారడ్లది పెట్టారు. పవర్ సప్లైలో వాడేది. స్పీకర్‌కు వచ్చేది ఏసీ సిగ్నల్, సగం సమయం దానికి వోల్టేజ్ తలకిందులుగా పడుతుంది. పని చేసినట్టే కనిపిస్తూ లోపల ఆక్సైడ్ పొర చెడుతుంది, లీకేజ్ పెరుగుతుంది.

ఫోమ్ పని

ఫోమ్ కొనేటప్పుడు ‘12 అంగుళాలది’ అని అడిగితే చాలదు. కోన్ బయటి అంచు వ్యాసం, ఫ్రేమ్‌పై ఫోమ్ కూర్చునే అంచు లోపలి, బయటి కొలతలు, ఫోమ్ వంపు వెడల్పు, లోపలి పెదవి బల్లపరుపుగా ఉందా కోన్ వాలుకు తగ్గట్టు వంగి ఉందా, ఇవన్నీ కొలిచి తెప్పించాలి. కొందరు నల్లటి రబ్బరు సరౌండ్ వేస్తారు, ఎక్కువ కాలం వస్తుందని. ఈ వూఫర్‌కు అది వద్దు. రబ్బరు బరువెక్కువ, బిగువెక్కువ, వూఫర్ స్వభావమే మారిపోతుంది.

పాత జిగురు తీయడంలోనే ఓపిక కావాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో నానబెట్టి, చెక్క పుల్లతో గీకాను. పేపర్ పైపొర లేస్తుందనిపిస్తే అక్కడ ఆగి మళ్లీ నానబెట్టాను. కోన్ వెలిసిపోయిందని రంగు వేయించుకోవాలని ఆయన అనుకున్నారు, నేను ఒప్పుకోలేదు. రంగు బరువు, ఆ బరువుతో రెసొనెన్స్, అంటే కోన్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ, దిగుతుంది, శబ్దం తగ్గుతుంది. వెలిసిన కోన్ వినికిడికి ఏ లోపమూ తేదు.

ఎడమ వూఫర్‌కు కోన్ మధ్యలోని మూత, డస్ట్ క్యాప్, ముట్టుకోలేదు. స్పైడర్ కోన్‌ను సరిగ్గా మధ్యలోనే పట్టుకుని ఉంది. ముందు ఫోమ్ లోపలి పెదవిని తెల్ల పీవీఏ జిగురుతో కోన్‌కు అంటించి మర్నాటి దాకా ఆరనిచ్చాను. తర్వాత బయటి అంచుకు జిగురు రాసి, 30 హెర్ట్జ్ టోన్‌ను కోన్ కొద్ది మిల్లీమీటర్లు కదిలేంత ఇచ్చి, గీరుడు ఎక్కడా వినపడని స్థానం వెతికి, అక్కడే క్లిప్పులు పెట్టాను. పీవీఏ నెమ్మదిగా ఆరుతుంది, అందుకే సర్దుకోవడానికి సమయం ఇస్తుంది. వెంటనే పట్టేసే జిగురుతో ఈ పద్ధతి కుదరదు.

కుడిదానికి ఆ భరోసా లేదు. ఏళ్ల తరబడి పక్కకు లాగబడిన స్పైడర్ అటే అలవాటుపడి ఉండవచ్చు. డస్ట్ క్యాప్‌ను అంచు దగ్గర సన్నటి బ్లేడుతో చుట్టూ కోసి తీశాను. కాయిల్ ఒకవైపు వార్నిష్ మెరుపు పోయింది, తీగ మాత్రం తెగలేదు, వదులవలేదు. కాయిల్‌కూ మధ్య ఇనుప స్తంభానికీ మధ్య సమాన మందం ఉన్న ప్లాస్టిక్ ఫిల్మ్ పట్టీలు చుట్టూ దూర్చి, కాయిల్‌ను బలవంతంగా మధ్యకు తెచ్చి, ఆ తర్వాతే ఫోమ్ అంటించాను. పూర్తిగా ఆరాక పట్టీలు తీసి, అదే డస్ట్ క్యాప్‌ను సన్నటి జిగురు గీతతో తిరిగి పెట్టాను. కొత్త క్యాప్ వేస్తే బరువు, గాలి వెళ్లే తీరు మారతాయి, ఎడమదానితో సరిపోదు.

కొత్త ఫోమ్ మొదట బిగువుగా ఉంటుంది. రెండింటినీ పెట్టె బయటే తక్కువ ఫ్రీక్వెన్సీ టోన్‌తో కొన్ని గంటలు ఆడించాక, ఫ్రీ ఎయిర్ (పెట్టె బయటి) రెసొనెన్స్ ఎడమదానికి 21, కుడిదానికి 21.5 హెర్ట్జ్ దగ్గర నిలిచింది. గీరుడు రెండింటిలోనూ లేదు.

క్రాసోవర్, పాట్‌లు

ఈ కేసులో నాకు బాగా ఆసక్తి కలిగించిన భాగం ఇది. ట్వీటర్ కెపాసిటర్ విలువ 6 మైక్రోఫారడ్లు అని అచ్చు. కొలిస్తే ఎడమది 7.8, కుడిది 7.6. వయసుతో వచ్చిన మార్పు, రెండింటిలోనూ ఒకేలా. ఈ సర్క్యూట్‌లో లెవెల్ పాట్ 15 ఓమ్‌లది, నాబ్ పూర్తిగా తిప్పినప్పుడు ఆ 15 ఓమ్‌లు ట్వీటర్‌కు సమాంతరంగా ఉంటాయి. 8 ఓమ్‌ల ట్వీటర్, 15 ఓమ్‌ల పాట్ కలిస్తే 5.2 ఓమ్‌లు. దానికి 6 మైక్రోఫారడ్లు కలిపి లెక్కవేస్తే ట్వీటర్ దాదాపు 5,100 హెర్ట్జ్ నుంచి పని మొదలుపెట్టాలి. 7.8 అయితే ఆ హద్దు 3,900కి దిగుతుంది. చిన్న డోమ్ మీద అనవసరపు భారం.

మరో వైపు పాత కెపాసిటర్ లోపలి నిరోధం, ఈఎస్ఆర్, 1.4 ఓమ్‌లకు పెరిగింది. 5.2 ఓమ్‌ల లోడ్ ముందు 1.4 అంటే సుమారు 2 డెసిబెల్స్ నష్టం. పాత స్పీకర్లు ‘మెత్తగా, వెచ్చగా’ పలుకుతాయని మెచ్చుకునేవాళ్లు కొన్నిసార్లు మెచ్చుకుంటున్నది ఈ నష్టాన్నే.

ట్వీటర్‌కు 6 మైక్రోఫారడ్ల ఫిల్మ్ కెపాసిటర్ పెట్టాను. ఫిల్మ్‌కు ఈఎస్ఆర్ దాదాపు సున్నా. మంచి స్థితిలో ఉన్న ఎలక్ట్రోలిటిక్‌కు కూడా ఓమ్‌లో కొన్ని పదో వంతులు ఉంటుంది, డిజైన్ ఆ కాస్త నష్టాన్ని లెక్కలోకి తీసుకునే జరిగింది. అందుకే సిరీస్‌లో 0.33 ఓమ్ రెసిస్టర్ కలిపాను. మిడ్‌రేంజ్‌కు, వూఫర్‌కు పెద్ద విలువలు కావాలి, అక్కడ కొత్త నాన్-పోలార్ ఎలక్ట్రోలిటిక్‌లే పెట్టాను. ఇండక్టర్లు రాగి తీగ చుట్లు, వాటికి వయసు లేదు. ముట్టుకోలేదు.

పాట్‌లలో రెండు శుభ్రం చేస్తే పనికొచ్చేవే. ఎడమ ట్వీటర్ పాట్‌లో మాత్రం కాంటాక్ట్ తిరిగే దారి పచ్చగా తుప్పుపట్టి, తీగ తినేసింది. ఒక్కటే మార్చి మిగతావి పాతవి ఉంచితే జత సరిపోదని నాలుగూ మార్చి ఎల్-ప్యాడ్‌లు వేశాను, ఇవి లెవెల్ తగ్గించినా లోడ్ దాదాపు మారకుండా చూసే నాబ్‌లు. ఇక్కడ చాలామంది ఒక విషయం వదిలేస్తారు. ఎల్-ప్యాడ్ పూర్తిగా తెరిచినప్పుడు ట్వీటర్ పక్కన పాత పాట్ ఇచ్చిన 15 ఓమ్‌ల లోడ్ ఉండదు. లోడ్ 5.2 నుంచి 8 ఓమ్‌లకు పోతుంది, అదే 6 మైక్రోఫారడ్లతో ట్వీటర్ హద్దు 5,100 నుంచి 3,300కి జారుతుంది. కెపాసిటర్ మార్చి సంపాదించిన దానికన్నా ఎక్కువ పోగొట్టుకున్నట్టు. అందుకని ప్రతి ఎల్-ప్యాడ్ ముందు 15 ఓమ్‌ల రెసిస్టర్‌ను సమాంతరంగా పెట్టాను. నాబ్ తగ్గించిన స్థానాల్లో ఇది పాత పాట్‌తో అచ్చంగా సమానం కాదు, కానీ వీటిని వాడేది పూర్తి దగ్గరే.

మూసి కొలవడం

దూది ఉన్నది ఉన్నట్టే వేసి ముందు కొలిచాను. ఇంపీడెన్స్ శిఖరం, అంటే పెట్టెలో వూఫర్ రెసొనెన్స్, ఎడమదానికి 43 హెర్ట్జ్, కుడిదానికి 46. కుడి పెట్టెలో 150 గ్రాముల ఫైబర్‌గ్లాస్ కలిపాక 44కి వచ్చింది. బయట 21 ఉన్నది పెట్టెలో 43 అయిందంటే మొత్తం బిగువు నాలుగు రెట్లకు పైగా పెరిగింది, అందులో నాలుగింట మూడు వంతులు గాలిదే. కొత్త ఫోమ్ బిగువులో కొద్ది తేడా ఉన్నా పెద్ద నష్టం లేదనీ, గాలి కారడం మాత్రం క్షమించరానిదనీ ఈ అంకెలు చెబుతున్నాయి.

కారుతుందేమో చూడడానికి కోన్‌ను మెల్లగా నొక్కి వదిలాను. ఎడమది నెమ్మదిగా తిరిగొచ్చింది, కుడిది కాస్త త్వరగా. 30 హెర్ట్జ్ టోన్ పెట్టి తడి వేలితో అంచుల వెంట వెతికితే ఎల్-ప్యాడ్ ఇరుసు రంధ్రం దగ్గర గాలి తగిలింది. అక్కడ సీల్ వేశాక రెండూ ఒకేలా వెనక్కి వచ్చాయి.

పోలారిటీ బ్యాటరీతో చూశాను. ప్లస్‌కు ప్లస్ ఇస్తే కోన్ బయటికి రావడం మామూలే గానీ అందరూ అలా చేయలేదు. జేబీఎల్ దశాబ్దాల పాటు లోపలికి పోయేలా చేసింది. ఎటు పోయినా రెండూ ఒకే వైపు పోవడమే కావాలి. పోయాయి.

బేస్ కొలవడానికి మైక్‌ను కోన్‌కు దాదాపు ఆనించి పెట్టే నియర్‌ఫీల్డ్ పద్ధతి వాడాను. 1974లో డి. బి. కీల్ ప్రచురించిన ఈ పద్ధతి వల్ల మామూలు గది కూడా కొలతకు పనికొస్తుంది. 50 హెర్ట్జ్ నుంచి 8 కిలోహెర్ట్జ్ దాకా ఎడమ, కుడి గీతలు ఒక డెసిబెల్ లోపు కలిశాయి. 9 కిలోహెర్ట్జ్ దాటాక మాత్రం కుడిది 2 డెసిబెల్స్ కిందికి పోయింది.

రెండు ట్వీటర్లను ఒకదాని పెట్టెలోకి ఒకటి మార్చి మళ్లీ కొలిచాను. తగ్గుదల ట్వీటర్‌తో పాటే ఎడమ పెట్టెకు వచ్చింది. క్రాసోవర్ నిర్దోషి, డోమ్‌ను పట్టి ఉంచే పదార్థం గట్టిపడింది. కాయిల్ నిరోధం రెండింటికీ ఒకటే. దీన్ని తెరిచి బాగుచేసే ప్రయత్నంలో ఉన్నది కూడా పోయే అవకాశమే ఎక్కువ కాబట్టి నేను తెరవలేదు. ఆయన ముందు మూడు దారులు పెట్టాను: ఇదే మోడల్ పాత ట్వీటర్ దొరికేదాకా ఆగడం, రెండింటికీ కొత్త రకం ట్వీటర్లు వేయడం, లేదా బాగున్న ట్వీటర్ లెవెల్‌ను ఒక డెసిబెల్ తగ్గించి జతను దగ్గర చేయడం. ఒక్కదానికే కొత్తది వేస్తే మాత్రం నేను చేయనన్నాను, గాయకుడి గొంతు మధ్యలో నిలబడకుండా పక్కకు జరుగుతుంది. ఆయన మూడోదే ఎంచుకున్నారు, నా ఓటూ దానికే. ట్వీటర్లను వాటి వాటి పెట్టెల్లో తిరిగి బిగించి, ఎడమదాని నాబ్ తగ్గించిన స్థానానికి గుర్తు పెట్టాను.

పెట్టె పనిలో చెప్పుకోవాల్సింది తక్కువ. పైన అంటించిన పలచటి చెక్క పొర, వినీర్, మిల్లీమీటరు మందం కూడా ఉండదు, సాండ్ పేపర్‌తో రుద్దితే కింది బోర్డు బయటపడుతుంది. మినరల్ స్పిరిట్‌తో తుడిచి, నూనె పట్టించి వదిలేశాను. గ్లాసు మరకలు సగం తగ్గాయి.

అప్పగించేటప్పుడు ఆయనకు ఒక కాగితం ఇచ్చాను: మార్చిన ప్రతి భాగం, దాని విలువ, రెండు పెట్టెల దూది బరువు, చివరి కొలతలు. తీసేసిన పాత కెపాసిటర్లు, పాట్‌లు కూడా ఒక సంచిలో వేసి ఇచ్చాను, రేపు ఇంకెవరైనా తెరిస్తే అసలు ఏముండేదో తెలియాలి. కొత్త సీల్ కొంత అణుగుతుంది కాబట్టి నెల తర్వాత వూఫర్ స్క్రూలను ఎదురెదురుగా, చేతి స్క్రూడ్రైవర్‌తో, బిగువు తగిలేదాకా మాత్రమే తిప్పమన్నాను. అంతకు మించి తిప్పితే పార్టికల్ బోర్డులో మర పోతుంది.